మామిడితోపు దోవ

“అయ్యయ్యో, ఆ పేరు రాయొద్దయ్యా! రాసినా పిలిచినట్టే. నేరుగా మనింటికే వస్తుంది!” అంటూ దేవకమ్మ పరుగున వచ్చి మొగుడి చేతిలోని సున్నపు కుంచె పట్టుకుంది.

అప్పటికి మునిరామయ్య చెక్క మీద ‘ఈ దోవలో దె’ వరకు రాశాడు.

“మరేమని రాసేది మే?”

“గాలి అని రాయి. అందురూ అట్లే కదా అనేది. మా మేనత్తకు పట్టినప్పుడు గూడా గాలి సోకిందన్నారు గానీ, ఆ పాడు పేరు ఎవురైనా ఎత్తినారా?”

మాట సబబుగానే తోచింది. ‘దె’ను గోటితో గీకేసి, తనకు అబ్బిన మూడో తరగతి చదువంతా కూడగట్టుకుని ‘ఈ దోవలో గాలి ఉన్నది’ అని పూర్తిచేశాడు మునిరామయ్య.

యుద్ధం వచ్చి పెట్రోలు కరువై బస్సులు తగ్గిపోయిన రోజులవి. కొండకొచ్చిన యాత్రికులు తిరుపతిలో బాడుగ సైకిళ్ళు తీసుకుని చంద్రగిరి కోట చూడబోయేవాళ్ళు. పెద్ద రోడ్డులో మిలిటరీ లారీల దుమ్ము. అందుకని కొండవార బండిదోవ పట్టేవాళ్ళు. ఆ దోవ మిట్టపల్లి నడిబొడ్డున పోతుంది. ఇంకేం, రెండేళ్ళలో ఊరికి దశ తిరిగింది. మునిరామయ్య, అతని చిన్ననాటి నేస్తం పెంచలయ్య కలిసి ఇడ్లీల పాక వేశారు. భారతమ్మ సీతాఫలాల గంప వాకిట్లోనే ఖాళీ అయ్యేది. దొరస్వామి తన పశువుల కొట్టానికి వెల్ల వేసి యాత్రికులకు బసగా మార్చాడు. వానలు మొహం చాటేస్తే మద్రాసు హార్బరుకు కూలికి పోయే ఊరు అది. ఆ రెండేళ్ళూ ఒక్కరు పోలేదంటే నమ్మండి!

అంతా బాగుంటే మనుషులు ఊరుకుంటారా? చట్నీలో ఉప్పు ఎక్కువైందన్న దగ్గర మిత్రులిద్దరికీ మాటా మాటా పెరిగింది. పెంచలయ్య విడిపోయాడు. ఊరికి మైలు ముందే, తిరుపతి వైపున, దోవ రెండుగా చీలుతుంది. రెండూ కోటకే పోతాయి. ఊరిని తాకని రెండో దోవ మీదున్న మామిడితోపులో అతను వేరే పాక వేసి, పెండ్లాంతో అక్కడికే మకాం మార్చాడు. చల్లటి నీడ కదా, సగం సైకిళ్ళు అటు మళ్ళాయి. మునిరామయ్యకు కడుపు మండింది. తోపులో ఒక పాడుబావి ఉంది. ఎప్పుడో ఎవరో పడి చచ్చారు. చెక్క రాయడానికి అంతకన్నా ఏం కావాలి?

తెల్లవారకముందే పోయి దోవ చీలిన చోట, తోపు దోవ మొదట్లో దాన్ని నాటి వచ్చేశాడు.

మొదటిరోజు ఊళ్ళోకి నాలుగు సైకిళ్ళు వచ్చాయి. మర్నాడు రెండు. వారం తిరిగేసరికి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇడ్లీలు ఎండి కుక్కల పాలయ్యాయి.

“దడుసుకున్నారు మే,” అన్నాడు మునిరామయ్య. “అది తిరిగే చోట ఈ దోవైతేనేమి, ఆ దోవైతేనేమి అని అసలు రావడమే మానుకున్నట్టుండారు.”

“పోయి పీకేసి రారాదా?”

“ఏ మొహం పెట్టుకుని పోయేది? పెంచలయ్య ఎదురైతే ఏమని చెప్పేది?”

నెల గడిచింది. దొరస్వామి మూట నెత్తిన పెట్టుకుని మద్రాసు బయల్దేరాడు. పాక ముందు నిలబడి, “పోయొస్తానప్పా,” అన్నాడు. మునిరామయ్య తల వంచుకుని ఆరిన పొయ్యిలో బూడిద ఎత్తసాగాడు.

ఆ సాయంత్రమే భారతమ్మ తిరుపతి సంత నుంచి వచ్చింది. ఊళ్ళో కొనేవాళ్ళు లేక ఆమె పళ్ళు అక్కడికి మోసుకుపోతోంది.

“పెంచలయ్య పెండ్లాం తిరుమలమ్మ కనబడింది. పాడి మేకలు రెండూ అమ్మేసింది. పాపం, అరచేతుల నిండా బొబ్బలు. ఏమైంది వదినా అంటే, మీ ఊరోళ్ళతో నాకేం మాటలని పోయింది.”

మునిరామయ్య తింటున్న సంగటి ముందు నుంచి లేచిపోయాడు. మేకలమ్ముకున్నారు. ఆడకూతురు చేతులు పగిలేలా రాళ్ళు కొడుతోంది కాబోలు. ఆరేళ్ళ కిందట తనకు అమ్మవారు పోస్తే సొంత అన్నదమ్ములే గుమ్మం తొక్కలేదు. పెంచలయ్యే పక్కన కూర్చుని పద్దెనిమిది రోజులు గంజి తాగించాడు. అలాంటివాడి నోటి కూడు తీశాడు తను! చిటికెడు ఉప్పు కోసం! తన బుద్ధి మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో పోయి చెక్క మీద చెయ్యి వేశాడు.

“ఎవుర్రా అది? దాన్ని ముట్టుకుంటే చేతులు ఇరగ్గొడతా!” తోపు వైపు నుంచి కేక. పెంచలయ్య పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. దగ్గరికొచ్చి, మనిషిని పోల్చుకుని ఆగిపోయాడు.

మునిరామయ్య తల దించుకున్నాడు. “కొట్టరా, కొట్టు. ఇది నాటింది నేనే. నీ పొట్ట కొట్టినాను.”

“నువ్వా? నువ్వేనా నాటింది?”

“నేనే. మేకల్ని అమ్ముకునే గతి పట్టిచ్చినాను నీకు. నా పాక తీసుకో, గిన్నెలు తీసుకో. మన్నించినానని ఒక్క మాట చెప్పబ్బా.”

పెంచలయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వదులైన చెక్కను సరిగ్గా నిలబెట్టి, మట్టి ఎగదోసి గట్టిగా తొక్కాడు. అప్పుడొచ్చి నేస్తాన్ని కావిలించుకున్నాడు.

“ఎవురో పుణ్యాత్ముడు అనుకుంటా ఉన్నాను గానీ, నువ్వని తెలియకపాయె! మేకల్ని అమ్మింది తిండి లేకని నీకెవురు చెప్పినారు?”

“మరెందుకు?”

“నీ చెక్క చూసి వచ్చేవాళ్ళ సైకిళ్ళకు గాలి కొట్టేదానికి పంపు కొన్నానబ్బా!”