నడుమెత్తున నగిషీ

"ఇదెక్కడినుంచి వచ్చింది?" అని కేక పెట్టింది కోడలు.

నిన్నటిదాకా గడ్డపెరుగులా నున్నగా ఉన్న నడవా గోడ మీద పొద్దున్నే ఒక తెల్లటి లత మొలిచింది. మావయ్య గది గుమ్మం దగ్గర మొదలై, ఆకు మీద ఆకు వేసుకుంటూ స్నానాలగది వైపు పాకిపోయింది.

"నేనే అతికించానమ్మాయ్," అన్నాడు మావయ్య, చేతులకంటిన ప్లాస్టర్ పిండి దులుపుకుంటూ. "పెట్టెలో పాత అచ్చులు ఊరికే పడున్నాయా, చేతులు ఊరుకోలేదు."

"ఒక్కరే చేశారా ఇదంతా?"

"ఈ పని కళ్ళు మూసుకుని చేస్తాను."

ఆ మాట నిజమే. సినిమాహాళ్ళ పైకప్పులకీ, హోటళ్ళ గోడలకీ ప్లాస్టర్‌తో పూలూ తీగలూ పోయడంలోనే ఆయన జీవితమంతా గడిచింది. కోడలు కూడా ఇళ్ళకు అలంకరణ చేసే డిజైనరే. కాకపోతే ఆమె లెక్కలో అలంకరణ అంటే ఉన్నవి తీసేయడం. అత్తయ్య పోయాక మావయ్య వీళ్ళింటికి వచ్చేశాడు. వచ్చిన రోజు మెట్ల దగ్గర కొడుకు చెయ్యి అందించబోతే, "నేనేం పసిపిల్లాణ్ణిరా?" అని విదిలించుకున్నాడు.

"బాగానే ఉంది గానీ మావయ్యా, లత పైకప్పు కింద కదా ఉండాలి? నడుమెత్తున ఏమిటి?"

"పైన పెడితే మెడలు పట్టేస్తాయి. అయినా నిచ్చెనలెక్కే వయసా నాది?"

పోనీలే, పెద్దాయన ముచ్చట అనుకుంది కోడలు. ముచ్చట అక్కడితో ఆగలేదు. నడవా మలుపులో లత కాస్తా పూసల వరసైంది. స్నానాలగది తలుపు పక్కన తామర పూసింది. వంటగది దగ్గర ద్రాక్షగుత్తి వేలాడింది. హాల్లోకి దిగే మెట్టు పక్కన గుడ్డు ఆకారం, బాణం ఆకారం, మళ్ళీ గుడ్డు, మళ్ళీ బాణం.

ఇక ఆమె చదివిన చదువు ఊరుకోలేదు.

"మావయ్యా, ఈ గుడ్డూ బాణం గ్రీకులది. ఆ తామర ఇంకా పాతది, ఈజిప్టు వాళ్ళది. ద్రాక్షతీగంటే రోమన్లకు పిచ్చి. అందర్నీ తెచ్చి ఒకే గోడకి కట్టేస్తే ఎలా? యుగాలు కొట్టుకు చస్తున్నాయి!"

"గోడకేం తెలుస్తుందమ్మాయ్ చరిత్ర! రాజ్యాలు పోయినా వాటి ఆకులు మాత్రం పోలేదని మా గురువు చెప్పేవాడు. రాయిలోంచి చెక్కలోకి, చెక్కలోంచి సున్నంలోకి దూకుతూ మా చేతుల దాకా వచ్చేశాయి."

"మాకూ కాలేజీలో మొదటి ఏడాది అదే నేర్పారు. రెండో ఏడాది వాటిని పీకేయడం నేర్పారు. పనికిరానిది గోడ మీద ఉండకూడదు. మా పద్ధతి అంతే."

"అందుకే మీ గోడలు పాపం బట్టల్లేకుండా నిలబడి ఉంటాయి."

ఆమె భర్త పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మావయ్య నడవాలో ఎప్పుడు నడిచినా, పిల్లిని నిమిరినట్టు ఆ లతని నిమురుతూ నడిచేవాడు. తన పనంటే తనకెంత మురిపెమో అని కోడలికి ఒకపక్క నవ్వు, ఒకపక్క ఒళ్ళుమంట.

ఇంతలో ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న పిలుపు వచ్చింది. ఇంటి ఫొటోలు వేస్తామంది ఒక పత్రిక. శీర్షిక కూడా వాళ్ళే అనుకున్నారు: 'ఏమీ లేని ఇల్లు'.

"మావయ్యా, మరి ఆ లతలూ అవీ..." అని నసిగింది.

"అన్నీనా?"

"అన్నీ."

"నీ ఇల్లు తల్లీ. తీసేయించు."

పెయింటరు వచ్చి ఉలితో చెక్కేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి వెళ్ళాడు. ఫొటోలు అద్భుతంగా వచ్చాయి.

ఆ రోజు నుంచి మావయ్య గది దాటడం తగ్గించేశాడు. భోజనానికి రమ్మంటే, "ఇక్కడికే పంపమ్మా, మోకాళ్ళు సలుపుతున్నాయి," అనేవాడు. హాల్లో కూర్చుందాం రమ్మంటే, "రేపొస్తాలే," అనేవాడు. ఒక్కసారి వచ్చాడు గానీ మెట్టు దగ్గర తూలి, పక్కనున్న పూలకుండీని బద్దలు కొట్టాడు. కావాలనే కొట్టాడని కోడలికి గట్టి అనుమానం.

"నాన్న అలిగాడు," అన్నాడు భర్త. "స్కూలుకి వెళ్ళనని నేను అలిగితే వీపు విమానం మోత మోగించిన మనిషి, ఇప్పుడు తనే అలిగాడు!"

పత్రిక వచ్చింది. కోడలు పేజీలు తిప్పింది. అంతా అనుకున్నట్టే ఉంది. ఎందుకో ఆ బొమ్మల్లో అది మనుషులు కూడా లేని ఇల్లులా కనిపించింది. పత్రిక మూసేసి, మావయ్య నిద్రపోతుండగా పెట్టెలోంచి పొద్దుతిరుగుడు పువ్వు అచ్చు ఒకటి పట్టుకొచ్చింది.

వంటగదిలో పిండి కలిపి పోస్తే మొదటిది ముద్దయింది. ఆ తర్వాతది అచ్చు వదిలి రానంది. ఇంకోటి, పువ్వని చెబితే నమ్మేలా వచ్చింది. పళ్ళెమంత ఉన్న ఆ పువ్వుని హాల్లో కుడివైపు గోడ మీద అతికించింది. మిగతా గోడల జోలికి మాత్రం పోలేదు.

భర్త వెళ్ళి తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి హాలు మధ్యలో నిలబెట్టాడు. ఈసారి ఆయన విదిలించుకోలేదు.

"మావయ్యా, మీ అచ్చుతో గోడ మీదికి ఒకటి నేనే చేశాను," అంది కోడలు. "మీ పని ముందు ఇది ఏ మూలకీ రాదు. మీరు అలక మానేస్తే నడవా అంతా మళ్ళీ మీకే ఇచ్చేస్తాను. మొహమాటం లేకుండా చెప్పండి, ఎలా ఉంది?"

మావయ్య మొహం వెలిగిపోయింది.

"భలే కుదిరిందమ్మాయ్!" అన్నాడు, ఎదురుగా ఉన్న ఖాళీ గోడకేసి చూస్తూ.