గట్టు కింద చప్పుడు

అవ్వ చాటలో కొర్రలు చెరుగుతోంది. నేను గోడకున్న చేనుపెట్టె మీట తిప్పాను. మా ఊళ్లో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఈ పెట్టె ఉంది. మీట తిప్పేకొద్దీ అందులో ఊరి చేలన్నీ ఒక్కొక్కటిగా వినిపిస్తాయి. మా వేరుశనగ వేర్లు నీళ్లు తాగుతుంటే దూడ పాలు కుడుస్తున్నట్టు సన్నటి చప్పుడు. రోజూ విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

"ఓబుళమ్మ చేను దాటించు," అంది అవ్వ. జానెడు గట్టు కోసం పక్క చేని ఓబుళమ్మతో మాటలు మానేసి పన్నెండేళ్లయింది.

నేను దాటించలేదు. ఆ చేన్లో వేర్లు తాగే చప్పుడే లేదు.

"ఆయమ్మ బోరు ఎండిపాయ అవ్వా. వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగే టైము. రేపటికి తడి లేకుంటే కాయ పట్టదు."

"మనకు మాత్రం యాడుండాయి నీళ్లు? ఉంటే ఇంగ రెండు తడులకే వస్తాయి. గట్టు జరిపిన పొద్దు తెలీలేదా ఆయమ్మకి?"

అంతలో పెట్టెలో మెల్లగా గీరుతున్నట్టు వినిపించింది.

"ఏందే అది?"

"ఆయమ్మ చెట్ల వేర్లు. తేమ వెతుక్కుంటా గట్టు కింద మన చేన్లోకి వస్తాండాయి."

అవ్వ చాట కింద పెట్టి, పెట్టెకు చెవి ఆనించింది.

"పసిబిడ్డ పారాడినట్టుంది," అంది చివరికి.

మా నీళ్లు ఓబుళమ్మ చేనికి వదిలే గట్టు మీది గేటు తాళంచెవి పన్నెండేళ్లుగా మేకుకే వేలాడుతోంది. అవ్వ దాన్ని తీసి, కొంగుతో తుప్పు తుడిచి, బయటికి నడిచింది.