ఉపన్యాసాలమ్మ

“ఐదంటే ఐదే నిమిషాలండీ! మా నాయనమ్మ సంగతి నా నోటితో చెప్పుకుంటాను,” అంది ఉమాదేవి, ఇస్త్రీ చొక్కా మొగుడి చేతికందిస్తూ.

“రాసిచ్చేవుగా, నేను చదువుతాను. నలుగురిలో నోరు తడబడితే నవ్విపోతారు,” అన్నాడు నరసింహమూర్తి, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

“ఓట్లప్పుడు ఇల్లిల్లూ తిరిగి దణ్ణాలు పెట్టలేదేంటండీ నేను? అప్పుడెవరైనా నవ్వేరా?”

“దణ్ణాలు పెట్టడం వేరు, మైకు పట్టుకోవడం వేరు. ఊరుకోవే ఉపన్యాసాలమ్మా!”

ఉమాదేవికి ఒళ్ళు మండిపోయింది. రాసిచ్చిన మూడు కాగితాల్లోనూ ఉన్నది ఆ మాట కథేనాయె!

ఖద్దరు రోజుల్లో నాయనమ్మ బుజ్జమ్మ రాజోలు వీధుల్లో రోలు బోర్లించి, దానిమీద నిలబడి మాట్లాడేదట. “ఉపన్యాసాలమ్మ వచ్చిందర్రా!” అంటే చాలు, ఆడవాళ్ళు పొయ్యిమీద ఎసరు దించేసి మరీ పరిగెత్తుకొచ్చేవారట. అంత మర్యాద ఆ పేరుకి. తరవాత్తరవాత ఏ ఇంటి కోడలు ఎదురు మాటాడినా అదే పేరు పెట్టి నోరు మూయించడం మొదలెట్టేరు. చివరికి బుజ్జమ్మ నోరూ అలాగే మూయించేరు.

పంచాయతీ గుమస్తా ఆదినారాయణ గుమ్మంలోకి వచ్చేడు. “ప్రెసిడెంటు గారండీ, జనం వచ్చేసేరండి. ముక్తేశ్వరం నుంచి మైకు సెట్టూ వచ్చేసిందండి.”

“ఆయ్, వస్తున్నా,” అంటూ నరసింహమూర్తి కాగితాలు జేబులో పెట్టుకున్నాడు.

తొంభయ్యారు మార్చి, మహిళా దినోత్సవం. షామియానా కింద రెండొందల మంది ఆడవాళ్ళు. ఉమాదేవి వేదిక మీద మూల కుర్చీలో కూర్చుంది. నరసింహమూర్తి మూడు కాగితాలూ చదివేడు. బుజ్జమ్మ పేరు మాత్రం మింగేసేడు.

“ఉపన్యాసాలమ్మ అన్న పేరుకి మళ్ళీ మర్యాద తేవాలి! ఆడవాళ్ళే మైకు అందుకోవాలి!” అని గొంతు చించుకున్నాడు. చప్పట్లే చప్పట్లు.

“ఎంత బాగా చెప్పేరండీ ప్రెసిడెంటు గారు!” అంది అంగన్‌వాడీ సలోమి, కళ్ళొత్తుకుంటూ. ఆమెని ఏడిపించిన మాటలు తనవే కదా అని ఉమాదేవి గుండె భగ్గుమంది. మైకు మూరెడు దూరంలో ఉంది. లేవబోయింది. కూర్చోమని మొగుడు కళ్ళతోనే గద్దించేడు. ఈలోగా మైకువాడు వైరు చుట్టేసేడు.

ఆదినారాయణ మినిట్స్ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేడు. “ఎప్పట్లాగే కిందనండీ అమ్మగారూ, చిన్న సంతకం.”

ఉమాదేవి పెన్ను అందుకుని, సంతకం చోటుకి పైన రాసిన వాక్యం చదివింది.

“సభలో సర్పంచి శ్రీమతి ఉమాదేవి గారు ప్రసంగించారు.”