పిక్కబలం

“ఇక మన పప్పులుడకవు గున్నమ్మా,” అన్నాడు జగన్నాధం, ఫోను బల్లమీద బోర్లించి.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని ఆ మాటంటే అది ఉత్త నుడికారం కాదు, ఉన్న మాటే. ఆఫ్రికాలోని బెనిన్ నుంచి ఓడల్లో వచ్చే జీడిపిక్కలే అతని ఫ్యాక్టరీకి తిండి. ఆ దేశం ఇప్పుడు పిక్కలు పంపనంటోంది. వాళ్లే వలుచుకుని పప్పు అమ్ముకుంటారట. వచ్చే నెల నుంచి ఇక్కడ సగం మందికి పనుండదు. పిక్కబలం చూపిద్దామంటే జగన్నాధానికి మోకాళ్ల నొప్పులు.

“వలవడం వాళ్లకేటి తెలుస్తాది? ఎవడు నేర్పుతాడు? పప్పు విరక్కుండా గుండుగా వలవమంటే బద్దలు చేస్తారు. బద్ధకస్తులు కాబట్టే బీదోళ్లయ్యారు.”

“బద్దకం కాదు బాబూ,” అంది గున్నమ్మ. ఇరవై రెండేళ్లుగా అక్కడ పిక్కలు కొట్టి, జీడిరసానికి వేళ్లు నల్లబడిన మనిషి. “మా అమ్మా పిక్కలే అమ్మీది, గంజే తాగీది. నాను వలుపు నేర్సినాకే మా ఇంట పప్పుడికింది.”



గున్నమ్మ కొంగుచాటు నుంచి తెల్లకాగితం తీసింది. వేరే పని చూసుకుందట. కూతురు అనిత ఫోన్లో దరఖాస్తు పెట్టిందట. పాత యజమాని సర్టిఫికెట్ ఇవాళే పంపకపోతే ఆ పని ఇంకొకరికి పోతుందట. ఎక్కడని అడిగితే, “బోగాపురం, ఇమానాల కాడికి,” అంది.

కొత్త విమానాశ్రయంలో తుడుపు పని కాబోలనుకున్నాడు. పొమ్మనలేక తను నలుగుతుంటే ఆమే పోతాననేసరికి అతని గుండె మీంచి గుండు దిగినట్టయింది. ఈమె కొడితే పప్పు గుండుగానే వస్తుందని మనసారా రాశాడు.

“ఒకలికి నేర్పగల్దని కూడా రాయండి బాబూ.”

“ఏటి, చీపురు పట్టడమా?” నవ్వుతూనే రాసి, స్టాంపు గుద్దాడు.

గున్నమ్మ కాగితం కళ్లకద్దుకుని, తను వాడిన కర్రసుత్తి కూడా ఇప్పించమంది. ఇన్నేళ్లు తన సుత్తి భరించిన మనిషికి ఆ సుత్తి ఇవ్వడం న్యాయమనిపించి ఇచ్చేశాడు.

గుమ్మం దాకా సాగనంపుతూ అడిగాడు: “బోగాపురం ఇక్కడేటి? రోజూ ఎలా వెళ్లొస్తావు?”

“బోగాపురంలో ఎక్కడమే బాబూ, దిగీది బెనిన్‌లో.”