వీధిన పడ్డ మనసు

అందరూ మనసులోని మాటలను ఇంటి యంత్రానికి అప్పగించిన రోజులవి. ఎప్పుడో ఒకసారి అవన్నీ బయటపడవచ్చని విని, నీలవేణి తన యంత్రాన్ని తీయించేసింది. తోడికోడలు పద్మిని మాత్రం ఉంచుకుంది. యంత్రం గుర్తుచేయబట్టి అత్తగారి మందులు ఒక్కపూటా మరిచేది కాదు. అందరూ పద్మినిని మెచ్చుకుంటుంటే నీలవేణికి ఒళ్లు మండేది.

"నీ మనసు వీధిన పడ్డ రోజు తెలుస్తాదిలే," అంది.

"వందేళ్లకోసారి జరిగేదానికి ఇప్పట్నుంచే భయపడతామా అక్కా?" అని నవ్వింది పద్మిని.

ఆ ఏడే జరిగింది. పద్మిని మనసంతా ఊళ్లోని తెరలన్నింటి మీదికీ ఎక్కింది. నీలవేణి ఆశగా తన పేరు వెతుక్కుంది.

'అక్కకి నేనంటే ఎందుకో కోపం. రేపు మళ్లీ పలకరించాలి.' ప్రతిరోజూ అదే మాట.

ఒక్క తిట్టయినా దొరికితే బాగుండునని నీలవేణి తెల్లవార్లూ వెతుకుతూనే ఉంది.