పన్నెండున్నరకి క్షమాపణ

"చదవను," అంది న్యూస్ రీడర్.

కాగితం ఛానల్ ఎండీ బల్లమీదే ఉంది. అందులో ఏముందో ఆమెకి చూడకుండానే తెలుసు. రంగుల మిల్లు మురుగు ఊరి కాలవలో కలుస్తోందని తను చెప్పిన వార్త శుద్ధ అబద్ధమనీ, సాక్ష్యం చెప్పినవాళ్లంతా దొంగమాటలు చెప్పారనీ, చేతులు జోడించి క్షమాపణ కోరుతున్నాననీ.

"చదవకపోతే ఛానల్ ఉండదు తల్లీ. ఈ మిల్లాయన వేసిన పరువునష్టం కేసుకి ఈ కుర్చీలూ బల్లలూ అమ్మినా చాలవు. ఇంతమంది పొట్ట కొట్టకు," అన్నాడు ఎండీ.

ఎదురుగా మిల్లు యజమాని కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. మాట్లాడే పని లాయరుకి వదిలేసి, నవ్వే పని మాత్రం తను చూసుకుంటున్నాడు.

ఆమెకి కాలవగట్టు పెద్దమ్మ గుర్తొచ్చింది. మనవడి ఒంటిమీది పుళ్లు కెమెరాకి చూపించిన మనిషి. "రేపు నువ్వు మాట మారిస్తే వాళ్లు మమ్మల్ని బతకనివ్వరమ్మాయ్," అంది ఆ రోజు. "మీ మాట అబద్ధమని నా నోట ఊరు వినదు పెద్దమ్మా," అని చేతిలో చెయ్యేసి చెప్పింది తను.

ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి గుమ్మందాకా వెళ్లింది. అక్కడ గోడకున్న క్యాలెండర్ ముందు ఆగిపోయింది.

"సరే, చదువుతాను," అంది వెనక్కి తిరిగి. "ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండున్నరకి. అదీ ఒక్కసారే. మళ్లీ వెయ్యకూడదు."

"పన్నెండున్నరే ఎందుకు?" లాయరు నొసలు ముడిచాడు.

"మా పిల్ల బడిలో ఉంటుంది. వాళ్లమ్మ గడ్డి తినడం అది చూడకూడదు."

మిల్లు యజమాని మొదటిసారి నోరు విప్పాడు. "పాపం, అలాగే కానివ్వండి. అది మా మిల్లులో భోజనాల వేళ. అందర్నీ క్యాంటీన్ టీవీ ముందు కూర్చోబెడతా. కేబుల్ లేకపోయినా, డిష్షు లేని ఇల్లు లేదు ఈ ఊళ్లో. అందరూ చూడాలి. కానీ రికార్డింగులు నేను నమ్మను. కత్తిరిస్తారు, అతికిస్తారు. లైవ్‌లో చదవాలి. నేను స్టూడియోలో కూర్చుని మరీ చూస్తా."

లాయరు అదంతా రాసేశాడు. ఒక్కసారి, లైవ్‌లో, అక్షరం పొల్లుపోకుండా చదివితే అక్కడికక్కడే కేసు వెనక్కి.

విషయం సాయంత్రానికే ఊరంతా పాకింది. మేకప్ వేసే అమ్మాయి ఆమెని చూసి మొహం తిప్పుకుంది.

ఇంట్లో భర్త ఊరుకోలేదు. "ఛానల్లో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో చేరి, ఏళ్లపాటు జనం చేత చీవాట్లు తిని, ఆ కుర్చీదాకా వచ్చింది ఇందుకా?"

"ఇందుకే అనుకో," అంది ఆమె. పిల్లకి జడ వేస్తూ.

క్షమాపణ చదవాల్సిన రోజు ఎండ పేలిపోతోంది. స్టూడియోలో ప్రసారాలు చూసే ఇంజనీరు గడియారం చూశాడు, ఆమె మొహం చూశాడు, ఏదో అనబోయి దగ్గి ఊరుకున్నాడు.

"కాస్త తల వంచి చదవమనండి," అన్నాడు మిల్లు యజమాని, సోఫాలో సర్దుకుంటూ.

"తల వంచాలని మీ కాగితంలో లేదు," అంది ఆమె.

చదివింది. కెమెరాకేసి సూటిగా చూస్తూ, గొంతు వణక్కుండా చదివింది. 'అబద్ధం' అన్నచోట ఒత్తి మరీ పలికింది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన బొమ్మ స్టూడియో గోడమీది తెరలో అద్దంలా ఉంది. మిల్లు యజమాని దాన్ని చూసి చూసి మురిసిపోయాడు. ఐదు నిమిషాల్లో క్షమాపణ అయిపోయింది. ఆ వెంటనే సంతకాలూ అయిపోయాయి.

"బతికించావు తల్లీ!" అన్నాడు ఎండీ.

ఆమె చీరకున్న మైకు తీసి బల్లమీద పడేసి, బయట మెట్లమీదికొచ్చి నిలబడింది. ఇంతలో ఫోన్ మోగింది. కాలవగట్టు పెద్దమ్మ.

"ఏంటమ్మాయ్ ఇది! వాడకట్టంతా మా ఇంట్లోనే చేరాం, నిన్ను తిట్టిపోద్దామని. నువ్వు కనబడ్డావో లేదో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోయింది, మాటా వినబడలేదు. మిల్లు క్యాంటీన్లోనూ అంతేనట. ఇంతకీ చదివావా, లేదా?"

"అక్షరం పొల్లుపోకుండా చదివా పెద్దమ్మా," అంది ఆమె, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ. "ఏటా ఈ రోజుల్లో పన్నెండున్నరయ్యేసరికి సూర్యుడు సరిగ్గా మన ఉపగ్రహం వెనక్కొచ్చి నిలబడతాడనీ, ఆ కాసేపూ ఆయన ధాటికి ఊళ్లో ఏ డిష్షుకీ బొమ్మా మాటా అందవనీ ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేటప్పుడే నేర్చుకున్నా!"