పగిలినవి ఉన్నాయా?

కేకు కొరకగానే ఇంటాయన పంటి కింద ఏదో కటుక్కుమంది.

నోట్లో వేలు పెట్టి తీశాడు. గుడ్డు పెంకు.

దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, హత్య కేసులో సాక్ష్యాన్ని చూసినట్టు చూశాడు.

“ఎక్కడివీ గుడ్లు?”

“ఎప్పుడూ తెచ్చే కొట్లోవేనండీ,” అంది ఇల్లాలు.

“పగిలినవేనా?”

“పగిలినవే. మంచివి కొంటే ఇక పిండీ పంచదారా ఎవరు కొంటారు?”

ఆ ఇంట్లో ఆదివారమంటే కేకు. నలుగురూ కలిసి సినిమాకి వెళ్ళలేరు, హోటలుకి అసలే వెళ్ళలేరు. అందుకని పాత కుక్కర్లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, మధ్యాహ్నమంతా దాని చుట్టూ కూర్చుంటారు. పెద్దది పిండి జల్లిస్తుంది. చిన్నాడు గుడ్లు కొడతాడు. గిన్నె ఎవరు నాకాలన్న దగ్గర ఇద్దరూ కొట్టుకుంటారు. కేకు అడుగున మాడుతుంది, పైన ఉడకదు.

పక్కింటివాళ్ళకి మాత్రం, “బయట కేకుల్లో ఏం కలుపుతారో ఏమోనండీ, మేం ఇంట్లోనే చేసుకుంటాం,” అని చెబుతారు.

పెంకు ఎవరి పనో ఇల్లాలికి తెలుసు. అప్పటికే పగిలిన గుడ్డుని చిన్నాడు ఉత్సాహంకొద్దీ మళ్ళీ గిన్నెకేసి కొట్టాడు. ఆ సంగతి చెబితే వాడి వీపు విమానం మోత మోగుతుంది.

“పగిలినవి కదండీ, ముందే పెంకు లోపలికి దిగుంటుంది,” అంది.

అంతే. ఇంటాయనకి పని దొరికింది.

ఆయన ఆఫీసులో గుమస్తా. అక్కడ ఆయన మాట ఎవరూ వినరు కాబట్టి బయట ఫిర్యాదులు చేస్తుంటాడు. పాలు పలచనైనా చేస్తాడు, సబ్బు తొందరగా అరిగినా చేస్తాడు. ఊరికే ఇస్తే తీసుకోడు, చెప్పిన ధరకి కొనడు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది ఆయన పరువు.

కాపురానికొచ్చాక ఇల్లాలికీ ఆ పరువు అంటుకుంది. మొదట్లో ఓసారి ఆ కొట్లో పనిచేసే గుడ్లావిడ పిల్లల చేతుల్లో చెరో గుడ్డు పెడితే, “మాకేం తక్కువని?” అంటూ తిరిగి ఇప్పించేసింది.

“పోనిద్దురూ, గుడ్లావిడ చవగ్గా ఇస్తోంది కదా,” అంది ఇల్లాలు.

“చవగ్గా ఇవ్వడం కాదు, చెత్త అంటగట్టడం! పిల్లల గొంతులో గుచ్చుకుంటే?”

చిన్నాడు భయంగా గొంతు తడుముకున్నాడు.

“నాన్నా, అది నేనే...” అని నోరు తెరిచాడు.

ఆ నోట్లో అమ్మ కేకు ముక్క పెట్టేసింది.

సాయంత్రం ఇంటాయన ఉతికిన చొక్కా వేసుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టు యజమాని గల్లా దగ్గర ఉన్నాడు. గుడ్లావిడ ఓ పక్కన గుడ్ల అట్టలు సర్దుతోంది. తల నెరిసిన మనిషి, కళ్ళజోడుకి ఒకవైపు దారం.

“ఈవిడ ప్రతి వారం మాకు పగిలిన గుడ్లే ఇస్తోందండీ. ఇవాళ పెంకు నా పంటి కిందకొచ్చింది. రేపు పిల్లల పేగులో చిక్కుకుంటే ఎవరిది బాధ్యత?”

యజమాని ఆవిడవైపు తిరిగాడు. “ఇవాళ కూడా పగిలాయా? అవి చేతులా, సుత్తులా?”

ఆవిడ చేతిలో అట్ట కింద పెట్టింది.

“పిల్లలకేం కాలేదుగా బాబూ?” అంది ఇంటాయనతో.

“కాలేదు గనక సరిపోయింది!”

“కాకపోతే చాలు,” అని మళ్ళీ అట్టలు సర్దుకుంది.

“అడిగేవాడంటూ ఉండాలి,” అన్నాడు ఇంటాయన ఇంటికొచ్చి, చొక్కా విప్పి జాగ్రత్తగా మడతపెట్టుకుంటూ.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఇల్లాలు పిల్లల్ని తీసుకుని, మూత ఉన్న డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. యజమాని ఒక్కడే ఉన్నాడు.

“పగిలినవి ఉన్నాయా?”

“లేవమ్మా.”

“సాయంత్రం వస్తే ఉంటాయా?”

“ఇక ఉండవు. ఆమెని మాన్పించేశాను. మీ ఆయన చెప్పింది నిజమే, పిల్లలు తినే సరుకు.”

ఇల్లాలు డబ్బా మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

“ఆవిడ ఇల్లెక్కడండీ?”

“ఇల్లా? గది ఖాళీ చేసేసిందట. పని లేకపోతే అద్దెవరు కడతారు? ఎటు పోయిందో మరి.”

“పాపం, పెద్దావిడ. చేతులు వణికేవేమో...”

“వణుకా? బండి సరుకంతా ఆమే దించేది. వారమంతా ఒక్క గుడ్డు చిట్లేది కాదు. ఆదివారం వస్తేనే ఏమయ్యేదో! జీతంలో కోస్తానంటే కోసుకోమనేది.”

ఇల్లాలు అట్టల్లో తెల్లగా, నున్నగా ఉన్న గుడ్లవంక చూసింది. ధర రాసిన పలకవంక చూసింది.

“పదండి. ఈసారి గుడ్లు లేకుండా చేద్దాం.”

“మరి నేనేం చెయ్యాలి?” అన్నాడు చిన్నాడు.

పెద్దది కదల్లేదు. కాసేపు యజమాని మొహంలోకి, కాసేపు అమ్మ మొహంలోకి చూసింది.

“అమ్మా, అవి వాటంతటవి పగల్లేదు. మనం సందు తిరగ్గానే మామ్మే చెంచాతో కొట్టేది. నేను ముందు పరిగెత్తుకొస్తాగా, చూశా.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదేమే?”

“చెప్పొద్దంది. ‘మంచివి ఊరికే ఇస్తే మీ అమ్మ తీసుకోదు తల్లీ, పగిలినవైతేనే తీసుకుంటుంది’ అంది.”